సంగతి ముందు, కర్త తర్వాత: తెలుగు వాక్యం మొదట్లో వచ్చే మాటలను వాడే తీరు

“నాన్నగారి పింఛను సంగతి, రేపు ఒకసారి బ్యాంకుకు వెళ్ళి కనుక్కుంటాను.” ఇలాంటి వాక్యం మన ఇళ్ళలో రోజూ వినబడుతుంది. ఇందులో వెళ్ళేది “నేను”. ఆ మాట వాక్యంలో కనబడనే లేదు, అయినా అర్థానికి లోటు రాలేదు. వాక్యం మొదట “నాన్నగారి పింఛను సంగతి” అని వచ్చింది. ఆ మాట వినగానే ఏ విషయం మాట్లాడుతున్నామో ఎదుటివారికి తెలిసిపోయింది. మిగిలిన వాక్యమంతా ఆ విషయం మీద నడిచింది.

ఇలా కర్త కంటే ముందు వచ్చి, చెప్పబోయేది దేని గురించో తెలిపే మాటలను ఈ వ్యాసంలో “ఎత్తుగడ మాటలు” అందాం. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, సోలాపూర్‌లో, యానాంలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలు మాట్లాడేటప్పుడు వీటిని తప్పులేకుండా వాడతాయి. చిక్కంతా రాసేటప్పుడే. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, ఇంగ్లీషో చదువుకున్నవారు తెలుగులో అర్జీ రాయడానికి కూర్చుంటే, నోట్లో ఉన్న వాక్యం కాగితం మీదికి రాదు. సంగతి వాక్యం మధ్యలో ఎక్కడో దాక్కుంటుంది. చదివే అధికారికి అది దొరకదు. అందుకే ఈ మాటల పట్టికను, వాటి వాడుకను, వాటిలో వచ్చే పొరపాట్లను ఒకచోట పెడుతున్నాం.

కర్త వేరు, ఉద్దేశ్యం వేరు

మన వ్యాకరణ సంప్రదాయంలో వాక్యాన్ని రెండు భాగాలుగా చూడడం ఉంది. దేన్ని గురించి చెబుతున్నామో అది ఉద్దేశ్యం. దాన్ని గురించి ఏం చెబుతున్నామో అది విధేయం. చాలా వాక్యాల్లో కర్తే ఉద్దేశ్యం అవుతుంది. “తాతయ్య ఊరికి వెళ్ళాడు” అన్నప్పుడు వెళ్ళింది తాతయ్య, మాట్లాడుతున్నదీ తాతయ్య గురించే. కానీ ఈ రెండూ ఎప్పుడూ ఒకటే కావు.

ఈ రెండు వాక్యాలు చూడండి.

“మా నాయనమ్మ ఈ పుస్తకం ఇచ్చింది.”
“ఈ పుస్తకం మా నాయనమ్మ ఇచ్చింది.”

రెండింటిలోనూ ఇచ్చింది నాయనమ్మే. కర్త మారలేదు, క్రియ మారలేదు. మొదటి వాక్యం “నాయనమ్మ ఏం ఇచ్చింది?” అన్న ప్రశ్నకు జవాబు. రెండోది “ఈ పుస్తకం ఎక్కడిది?” అన్న ప్రశ్నకు జవాబు. తెలుగులో ముందు వచ్చేది ఇద్దరికీ తెలిసిన సంగతి, క్రియకు దగ్గరగా వచ్చేది కొత్త సంగతి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఎత్తుగడ మాటల పని సగం అర్థమైనట్టే.

క్రియ మాత్రం ఎప్పుడూ కర్తనే అనుసరిస్తుంది. “మా సంఘం విషయానికి వస్తే, సభ్యులు నూరు మంది ఉన్నారు” అనాలి. ముందు “సంఘం” వచ్చింది కదా అని చివర “ఉంది” అని రాస్తే తప్పు. “నాకు ఇద్దరు కూతుళ్ళు” అన్న వాక్యంలో కూడా చివర వచ్చేది “ఉన్నారు”. ముందున్న “నాకు” కర్త కాదు, సంగతి ఎవరిదో చెప్పే మాట.

చోటును, కాలాన్ని ముందు పెట్టడం

అన్నిటికంటే తేలిక రకం ఇది. “యానాంలో”, “సంక్రాంతికి”, “పోయిన ఏడు”, “మా వీధిలో” వంటి మాటలు వాక్యం మొదట్లో వచ్చి చోటునో, కాలాన్నో ఏర్పరుస్తాయి. “మా వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళు పది ఉన్నాయి” అంటే లెక్క మా వీధి వరకే అని తెలుస్తుంది. “తెలుగువాళ్ళ ఇళ్ళు మా వీధిలో పది ఉన్నాయి” అంటే తెలుగు ఇళ్ళ గురించి మొదలుపెట్టి, అవి ఏ వీధిలో ఎన్నో చెబుతున్నాం. పక్క వీధి లెక్క కూడా తర్వాత వస్తుందేమో అని వినేవారు ఎదురుచూస్తారు.

కాలం చెప్పే మాట దగ్గర ఒక జాగ్రత్త కావాలి. సంఘం నోటీసులో “ఆదివారం ముగ్గుల పోటీకి పేర్లు ఇవ్వాలి” అని ఉందనుకోండి. ఆదివారం జరిగేది పోటీయా, పేర్లు ఇచ్చేది ఆదివారమా? రెండు రకాలుగానూ చదవవచ్చు. ఒక ఇంటివారు పోటీ ఆదివారమనుకుని ముగ్గుపిండితో వస్తారు, ఇంకొకరు పేరు ఇవ్వడానికి వస్తారు. దీన్ని రెండు చిన్న వాక్యాలు చేస్తే గొడవ ఉండదు: “ముగ్గుల పోటీ ఆదివారం. పేర్లు మాత్రం శుక్రవారం లోపల ఇవ్వాలి.” ప్రతి వాక్యానికీ దాని సంగతి మొదట్లోనే ఉంది.

అయితే, మాత్రం, ఏమో

ఈ మూడూ ఒక పేరు వెనక చేరి, ఆ పేరును మిగిలినవాటి నుంచి విడదీసి చూపిస్తాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే అర్థం మారుతుంది.

“అన్నయ్య అయితే వస్తాడు.” అన్నయ్య సంగతి నాకు తెలుసు, మిగిలినవాళ్ళ సంగతి నేను చెప్పలేను.

“అన్నయ్య మాత్రం వస్తాడు.” మిగిలినవాళ్ళు రాకపోయినా అన్నయ్య వస్తాడు.

“అన్నయ్య మాత్రమే వస్తాడు.” అన్నయ్య ఒక్కడే వస్తాడు, ఇంకెవరూ రారు.

“అన్నయ్యేమో వస్తానంటాడు, వదినేమో వద్దంటుంది.” ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తున్నాం. “ఏమో” ఇలా వచ్చినప్పుడు సాధారణంగా జంటగానే వస్తుంది. ఒక్కటే వాడితే రెండో మాట కోసం వినేవారు ఎదురుచూస్తారు. చివర్లో వచ్చే “ఏమో” వేరు: “అన్నయ్య వస్తాడేమో” అంటే అనుమానం.

“అయితే”తో ఇంకొక చిక్కు ఉంది. అది మూడు పనులు చేస్తుంది. “రేపు సెలవు అయితే రండి” అన్నచోట అది షరతు. “రేపైతే సెలవు” అన్నచోట ఎత్తుగడ మాట. వాక్యం మొదట ఒంటరిగా వచ్చి “అయితే, ఈ మాట ఆయన ఒప్పుకోలేదు” అన్నచోట “కానీ” అని అర్థం. పత్రికల తెలుగులో ఈ మూడో వాడుక బాగా ఎక్కువ. ఒకే పేరాలో మూడు అర్థాలకూ వాడితే చదివేవారు తికమకపడతారు. “కానీ” అన్న అర్థం కావలసినచోట “కానీ” అనే రాయడం మేలు.

సంగతి, విషయం, గురించి, అంటే

ఒక మాట నుంచి ఇంకొక మాటకు మారేటప్పుడు ఇవి పనికి వస్తాయి.

“సంగతి” ఇంటి మాట. “పెళ్ళి సంగతి, పెద్దవాళ్ళు వచ్చాక మాట్లాడుకుందాం.” ఉత్తరంలోనూ చక్కగా ఒదుగుతుంది.

“విషయానికి వస్తే” కొంచెం పెద్దరికం ఉన్న మాట. సభలో మాట్లాడేటప్పుడు, నివేదిక రాసేటప్పుడు బాగుంటుంది. ఇంతకు ముందు వేరే విషయం నడిచి ఉంటేనే దీన్ని వాడాలి. మొదటి వాక్యంలోనే “మా ఊరి విషయానికి వస్తే” అని మొదలుపెడితే, దేని నుంచి వచ్చారని చదివేవారికి అనిపిస్తుంది.

“విషయంలో” వేరు. “డబ్బు విషయంలో మా మామయ్య చాలా గట్టి.” ఇక్కడ మాట మారడం లేదు. మామయ్య గుణం ఏ హద్దులో నిజమో చెబుతున్నాం.

“గురించి” పాత మాట. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో “కూర్చి”, “గుఱించి” రెండూ ద్వితీయా విభక్తి ప్రత్యయాలలో ఉన్నాయి. ఈనాటి వాడుకలో “గురించి” వచ్చిన మాట తర్వాత చెప్పడం, అడగడం, రాయడం, ఆలోచించడం వంటి క్రియ రావాలి. “బడి గురించి హెడ్మాస్టరుగారితో మాట్లాడాం” బాగుంది. “బడి గురించి గోడ కూలిపోయింది” అనకూడదు. అక్కడ “బడి గోడ కూలిపోయింది” అంటే చాలు.

“అంటే” ఒక మాటను పట్టుకుని దాని అర్థమో, దాని మీద మన భావమో చెప్పడానికి. “ఉగాది అంటే మా ఇంట్లో పచ్చడి ముందు, పంచాంగం తర్వాత.” పిల్లలకు కొత్త మాటలు నేర్పేటప్పుడు ఇది చాలా ఉపయోగం.

“ఇకపోతే” కూడా మాట మార్చడానికి వాడేదే. దీనికి పెద్దల పేరు తగిలించకండి. “ఇకపోతే మా తాతగారు” అని రాస్తే, తాతగారు పోవడం గురించి మాట్లాడుతున్నట్టు వినబడుతుంది. సభల్లో నవ్వులపాలైన మాట ఇది. “ఇక మా తాతగారి సంగతి” అంటే ఏ ఇబ్బందీ ఉండదు.

వరకు, మటుకు, ప్రకారం

“వరకు”, “మటుకు” హద్దు గీస్తాయి. “నా మటుకు నాకు ఈ ఊరే సొంత ఊరు” అంటే ఇతరుల అభిప్రాయం వేరుగా ఉండవచ్చని ఒప్పుకుంటూనే నా మాట చెబుతున్నాను. వాదన వచ్చేచోట ఇది మర్యాదైన ఎత్తుగడ. “మా వార్డు వరకు నీళ్ళ ఇబ్బంది లేదు” అన్నా అంతే, పక్క వార్డు గురించి మనం హామీ ఇవ్వడం లేదు.

దీన్నే ఆఫీసు భాషలో “కు సంబంధించినంత వరకు” అని సాగదీస్తారు. “మా వార్డుకు సంబంధించినంత వరకు” అన్నదానికీ “మా వార్డు వరకు” అన్నదానికీ అర్థంలో తేడా లేదు. పొట్టిది ఎంచుకోండి.

“ప్రకారం” చెప్పే మాటకు ఆధారం చూపిస్తుంది. “రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రకారం” అని మొదలైతే, తర్వాత వచ్చేది మన కోరిక కాదు, రాజ్యాంగం మాట అని అర్థం. అందుకని దీని తర్వాత సొంత అభిప్రాయం కలపకూడదు. ఆధారం ఒక వాక్యంలో, కోరిక ఇంకొక వాక్యంలో ఉండాలి.

పక్క భాషలతో పోలిక

మనం తెలుగుతో పాటు ఇంకొక భాషలో బతుకుతున్నాం. ఆ భాషల్లోనూ ఇలాంటి మాటలు ఉన్నాయి. అది మనకు సాయం, ఒక్కోసారి ఉచ్చు కూడా.

కన్నడంలో “నన్న మట్టిగె” అంటారు. అది మన “నా మటుకు”కు చాలా దగ్గర. “నానంతూ బరల్ల” అన్న మాటకు తెలుగులో “నేనైతే రాను” సరిపోతుంది. తమిళంలో “ఎన్నై పొరుత్తవరై” అంటారు. దీన్ని మాటకు మాట తెలుగు చేయబోతే వాక్యం విరుగుతుంది. “నా మటుకు” అన్నదే దానికి తెలుగు. మరాఠీలో “తర్” ఉంది, “మీ తర్ యేణార్” అంటే “నేనైతే వస్తాను”. ఒడియాలో “త” ఉంది, “ముఁ త జిబి” అంటే “నేనైతే వెళ్తాను”. ఆ భాషల్లో చదివిన పిల్లలు తెలుగులో “అయితే” రాయడం మరిచిపోతే, గుర్తుచేస్తే చాలు.

అసలు ఉచ్చు “మాత్రం” దగ్గర ఉంది. తమిళంలో “మట్టుమ్” అంటే “మాత్రమే”. “ఎనక్కు మట్టుమ్” అంటే “నాకు మాత్రమే”. కన్నడంలో “మాత్ర” రెండు అర్థాలకూ వస్తుంది. మరాఠీలో “మాత్ర” అంటే ఎక్కువగా “అయితేనేం, ఇతను మాత్రం” అన్న తేడా చూపడమే, “మాత్రమే” అనడానికి అక్కడ “ఫక్త” ఉంది. ఒడియాలో “మాత్ర” “కానీ” అన్న అర్థంలోనూ వస్తుంది. ఒకే మాట, పక్కపక్క రాష్ట్రాల్లో ఇన్ని తీర్లు. తెలుగులో రాసేటప్పుడు “ఒక్కటే” అన్న అర్థం కావాలంటే “మాత్రమే” అని నొక్కి రాయండి. అర్జీలో “పుస్తకాలు మాత్రం రాలేదు” అంటే మిగిలినవి వచ్చినా పుస్తకాలు రాలేదని. “పుస్తకాలు మాత్రమే వచ్చాయి” అంటే పుస్తకాలు తప్ప ఇంకేమీ రాలేదని. ఒక్క అక్షరం తేడాతో అధికారి చేయవలసిన పని మారిపోతుంది.

ఈ పోలికలో ఒక లాభం కూడా ఉంది. కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా అన్నింటిలోనూ సాధారణంగా క్రియ చివరే వస్తుంది. అందువల్ల తెలుగులో సంగతిని ముందు పెట్టి రాసిన వాక్యం ఆ భాషల్లోకి మార్చినా సంగతి ముందే నిలుస్తుంది. తెలుగు అర్జీకి రాష్ట్ర భాషలో అనువాదం జతచేసేవారికి ఇది పెద్ద సదుపాయం.

తరచూ వచ్చే పొరపాట్లు

మొదటిది, మొదలుపెట్టిన సంగతిని వదిలేయడం. “మా గ్రంథాలయం విషయానికి వస్తే, యువకులు సినిమాలు ఎక్కువ చూస్తున్నారు.” గ్రంథాలయానికీ సినిమాకూ మధ్య వంతెన లేదు. “మా గ్రంథాలయం విషయానికి వస్తే, యువకులు రావడం తగ్గింది” అని ముగిస్తే మాట నిలబడుతుంది. ఎత్తుగడ మాట ఒక వాగ్దానం. వాక్యం ముగిసేలోగా దాన్ని తీర్చాలి.

రెండోది, ఒకదాని మీద ఒకటి పేర్చడం. “మా ఊళ్ళో తెలుగు బడి విషయంలో ఉపాధ్యాయుల గురించి ప్రభుత్వం ప్రకారం” అని మొదలైతే ఏది అసలు సంగతో తెలియదు. చోటు ఒకటి, విషయం ఒకటి వరకు ఒక వాక్యం మోస్తుంది. అంతకు మించితే వాక్యం విడగొట్టాలి.

మూడోది, “వెళ్ళి”, “చూసి”, “రాసి” వంటి రూపాలతో మొదలుపెట్టి కర్తను మార్చేయడం. “బడికి వెళ్ళి పుస్తకాలు లేవు” అనకూడదు. వెళ్ళింది మనం, లేనివి పుస్తకాలు. వ్యాకరణంలో క్త్వార్థకం అనే ఈ రూపానికీ చివరి క్రియకూ కర్త ఒకరే ఉండాలన్నది సాధారణ నియమం. “బడికి వెళ్ళి చూస్తే పుస్తకాలు లేవు” అంటే సరిపోతుంది. “చూస్తే” అన్న రూపానికి ఆ నియమం లేదు. “వానలు కురిసి పంటలు బాగా పండాయి” అన్నది దీనికి మినహాయింపు. అక్కడ మొదటిది రెండోదానికి కారణం కాబట్టి కర్తలు వేరైనా చెవికి తప్పనిపించదు.

నాలుగోది, “అనేది”, “జరిగింది” అన్న మాటల మోత. “సమావేశం పెట్టడం అనేది జరిగింది” అని టీవీల్లో, వేదికల మీద రోజూ వింటున్నాం. “సమావేశం పెట్టాం” అంటే చాలు. ఇక్కడ “అనేది” ఎత్తుగడ మాటలా కనబడుతుంది కానీ ఏ సంగతినీ కొత్తగా ఎత్తడం లేదు. పైగా పెట్టింది ఎవరో కూడా మాయమైపోయింది.

అయిదోది, ప్రతి వాక్యాన్నీ ఇలాగే మొదలుపెట్టడం. సంగతి మారనప్పుడు ఎత్తుగడ అక్కరలేదు. పేరా మొదట ఒకసారి సంగతి చెప్పి, తర్వాత నాలుగు వాక్యాలు మామూలుగా నడిపితే హాయిగా ఉంటుంది.

కామా గురించి ఒక మాట. “విషయానికి వస్తే”, “సంగతి” వంటి పొడుగు ఎత్తుగడల తర్వాత కామా పెడితే చదవడానికి సులువు. “నేనైతే”, “మాకు”, “ఊళ్ళో” వంటి చిన్న మాటల తర్వాత అవసరం లేదు.

అర్జీలో ఈ మాటల పని

భాషా మైనారిటీల హక్కుల దగ్గర ఈ వ్యాకరణం నేరుగా పనికి వస్తుంది. రాజ్యాంగం 350 అధికరణం ప్రకారం, తన ఇబ్బంది తీర్చమని ఎవరైనా కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చు. 1956లో ఏడో సవరణతో 350ఏ, 350బి అధికరణాలు చేరాయి. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 350ఏ చెబుతుంది. భాషా మైనారిటీల కోసం ఒక ప్రత్యేక అధికారి ఉండాలని 350బి చెబుతుంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. అడిగే వాక్యం అర్థమైతేనే అవి కదులుతాయి.

ఒక అర్జీ ఇలా ఉందనుకుందాం:

“మా పిల్లలు చదువుతున్న బడిలో తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన తర్వాత రెండేళ్ళుగా ఆ పోస్టు నింపకపోవడం వల్ల, ఎన్నిసార్లు అడిగినా ఎవరూ పట్టించుకోనందున, పుస్తకాలు కూడా రానందువల్ల, తమరు దయచేసి తగిన చర్య తీసుకోవాలని కోరుతున్నాము.”

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ చదివే అధికారికి మూడు సంగతులు ఒకే ముద్దగా వచ్చాయి. పోస్టు నింపాలా, పుస్తకాలు పంపాలా, పట్టించుకోనివారిని అడగాలా? “తగిన చర్య” అన్నచోట ఏదైనా పెట్టుకోవచ్చు, ఏదీ పెట్టకపోవచ్చు. ఇదే అర్జీని విడగొట్టి రాస్తే ఇలా ఉంటుంది:

“మా బడిలో తెలుగు ఉపాధ్యాయుడి పోస్టు రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. పిల్లల సంఖ్య విషయానికి వస్తే, ఒకటి నుంచి అయిదో తరగతి వరకు నలభై ఇద్దరు తెలుగు చదువుతున్నారు. పుస్తకాలు మాత్రం ఈ ఏడు ఇంకా రాలేదు. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రకారం, మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలి. అందువల్ల మా కోరికలు రెండు. ఒకటి, పోస్టు నింపాలి. రెండు, పుస్తకాలు పంపాలి. పోస్టు నిండేదాకా, తాత్కాలికంగా ఒకరిని వేయాలని మనవి.”

ప్రతి వాక్యం మొదట్లో దాని సంగతి ఉంది: బడి, పిల్లల సంఖ్య, పుస్తకాలు, ఆధారం, కోరికలు. అధికారి మొదటి మూడు మాటలు చదివినా వాక్యం దేనిదో తెలుస్తుంది. అర్జీ పైన రాసే “విషయం:” అన్న వరుస కూడా ఇదే పని చేస్తుంది. అది మొత్తం కాగితానికి ఎత్తుగడ మాట. అక్కడ “తెలుగు ఉపాధ్యాయుడి పోస్టు నింపడం గురించి” అని సూటిగా ఉండాలి. “మా సమస్యల గురించి” అని రాస్తే ఆ వరుస ఖాళీగా ఉన్నట్టే.

ఇంట్లో మాట్లాడే వాక్యానికి కాగితం మీద చోటు ఇవ్వాలన్న పట్టుదల మన ప్రాంతాలకు కొత్త కాదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పని చేసింది ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం నోట ఉన్న వాక్యం రాతకు తగదన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. ఎత్తుగడ మాటలు ఆ నోటి వాక్యంలో భాగమే.

పిల్లలతో చేయించవలసినది

పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయమంటే బడి భాషలో ఆలోచించి తెలుగులోకి మారుస్తారు. అందుకు ఒక చిన్న అభ్యాసం చాలు. రాత్రి అన్నాలయ్యాక అవ్వనో, అమ్మమ్మనో, తాతయ్యనో ఆ రోజు సంగతులు చెప్పమనండి. పిల్లవాడు వాటిలోంచి అయిదు వాక్యాలు విన్నది విన్నట్టు రాయాలి. తర్వాత ప్రతి వాక్యంలోనూ మొదటి మాట కింద గీత గీసి, “ఇది ఎవరు చేశారో చెబుతోందా, దేని గురించో చెబుతోందా, ఎక్కడో ఎప్పుడో చెబుతోందా?” అని అడగండి. నాలుగు రోజుల్లోనే వాళ్ళకు తేడా పట్టుబడుతుంది.

రెండో మెట్టుగా ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా మొదలుపెట్టించండి. “అత్తయ్య నిన్న సోలాపూర్ నుంచి దుప్పట్లు తెచ్చింది.” “దుప్పట్లు అత్తయ్య నిన్న సోలాపూర్ నుంచి తెచ్చింది.” “సోలాపూర్ నుంచి అత్తయ్య నిన్న దుప్పట్లు తెచ్చింది.” ప్రతిదానికీ ముందు ఏ ప్రశ్న అడిగి ఉంటారో పిల్లలే చెప్పాలి. తప్పు చెప్పినా నవ్వకండి. నవ్వితే మళ్ళీ రాయరు.

పెద్దలు వాడే మాట పుస్తకంలో మాటలా లేదని దిద్దకండి. “మటుకు” అన్నా “మట్టుకు” అన్నా, “అయితే” అన్నా “ఐతే” అన్నా తెలుగే. పిల్లల చేతికి అందవలసింది ఆ వాక్యపు నడక. అవ్వ నోట్లోంచి విని రాసుకున్న అయిదు వాక్యాలు, రేపు ఆ పిల్లలు సొంతంగా అర్జీ రాసే రోజున పనికి వస్తాయి.